మన్యం పిల్లకి చలిజ్వరం ఏం చేస్తుందన్నారు, మరి బిడ్డ ఎందుకు చిన్నగా ఉంది?

గాజువాక నుంచి రాసిన ఈ పాఠకురాలికి 26 ఏళ్ళు. పుట్టి పెరిగింది పాడేరు దగ్గర ఒక చిన్న ఊళ్ళో. పద్దెనిమిదో ఏట చదువుకని విశాఖ వచ్చి, ఉద్యోగం, పెళ్ళి అన్నీ ఇక్కడే కావడంతో ఇక్కడే స్థిరపడ్డారు. ఇప్పుడు తొలిచూలు, 26 వారాలు. మే నెలలో, 19వ వారంలో, మోదకొండమ్మ జాతరకని పుట్టింటికి వెళ్ళి తొమ్మిది రోజులున్నారు. తిరిగొచ్చిన 12 రోజులకి చలి, వణుకు, జ్వరం. రెండు రోజులు పారాసిటమాల్‌తో సరిపెట్టి మూడో రోజు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి వెళితే వేలి రక్తంతో చేసే కిట్టు పరీక్షలో ఫాల్సిపేరం (మలేరియాలో ప్రమాదకరమైన రకం) అని తేలింది. మొదటి రోజు రెండు రకాల మాత్రలు, తర్వాత రెండు రోజులు ఒకే రకం వేసుకున్నారు. జ్వరం తగ్గింది. మూడు వారాలయ్యాక మళ్ళీ కిట్టు పరీక్ష చేయిస్తే ఇంకా పాజిటివే! ఈలోగా స్కానింగ్‌లో బిడ్డ బరువు 790 గ్రాములని, వయసుకి వారం చిన్నగా ఉందని రాశారు. హిమోగ్లోబిన్ 8.9. జ్వరం రాకముందు నుంచీ ప్రైవేటు క్లినిక్‌లో రాసిన 5 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ మాత్ర రోజూ వేసుకుంటున్నారు.

ఇంట్లో తలోమాట. వాళ్ళమ్మేమో, "ఏటీ అవ్వదే గుంటా, మనకి చలిజ్వరాలు కొత్తా? నలుగుర్ని కన్నాను నేను" అంటోందట. అత్తగారేమో మందులు మింగి మింగి కడుపులో బిడ్డని ఎండగొట్టేసిందని సణుగుతున్నారు. భర్త ఆ జాతరకి వెళ్ళడమే తప్పంటూ, ఇక పుట్టింటి గడప తొక్కొద్దంటున్నారు. ఆషాఢం వెళ్ళాక శ్రావణంలో సీమంతం చేసి పురిటికి తీసుకెళ్ళాలని అమ్మానాన్నలు ఎదురుచూస్తున్నారు. అక్టోబరు రెండో వారం నెలలు నిండుతాయి. "చిన్నప్పుడు ఎన్నిసార్లో మలేరియా వచ్చిపోయింది. ఆ శక్తి ఏమైంది? బిడ్డకి ఏమైనా అయిందా? పురుడు ఎక్కడ పోసుకోను?" అని అడుగుతున్నారు. చివర్లో చిన్నగా ఒక వాక్యం రాశారు: వాళ్ళమ్మకి మొదటి బిడ్డ నెలలు నిండకుండా పుట్టి నిలవలేదట.

సమాధానం:

ముందుగా కిట్టు సంగతి తేల్చేద్దాం. ఈ వారంలోనే చెయ్యాల్సిన పని అదొక్కటే. మిగతావాటికి ఆలోచించుకునే వ్యవధి ఉంది.

ఆ కిట్టు వెతికేది క్రిమిని కాదు, క్రిమి రక్తంలోకి వదిలే ఒక ప్రోటీన్‌ని. దాని పేరు హెచ్‌ఆర్‌పీ-2. ఫాల్సిపేరం క్రిములన్నీ చచ్చిపోయాక కూడా ఆ ప్రోటీన్ రెండు మూడు వారాలు, కొందరిలో నెల దాటి కూడా రక్తంలో తిరుగుతూ ఉంటుంది. పెళ్ళివారు వెళ్ళిపోయినా పందిరి ఇంకా విప్పలేదన్నమాట. కాబట్టి మందు వాడిన మూడు వారాలకి గీత పడిందంటే జబ్బు ఉందనీ చెప్పలేం, పోయిందనీ చెప్పలేం. తేల్చేది గాజు పలక మీద రక్తపు పూత. ల్యాబులో 'ఎంపీ స్మియర్' అంటే అర్థమవుతుంది. మందపు పూత, పలుచటి పూత రెండూ చెయ్యమనండి. మందపు పూతలో ఎక్కువ రక్తం చూస్తారు కనుక కొద్దిపాటి క్రిములున్నా దొరుకుతాయి. పలుచటి పూతలో అది ఏ రకమో తెలుస్తుంది. ఒకసారి నెగెటివ్ వచ్చినా ఒకటి రెండు రోజులాగి మళ్ళీ చేయించండి. ఫాల్సిపేరం 48 గంటలకోసారి తరం మారుతుంది. ఆ చక్రం రెండో సగంలో క్రిమి ఉన్న రక్తకణాలు సన్నటి నాళాల గోడలకీ, గర్భిణికైతే మాయకీ అతుక్కుపోయి వేలి రక్తంలోకి రావు. ఒక్క పూతని నమ్ముకుంటే అవి బయట లేని పూటే మీరు సూది గుచ్చించుకుని ఉండొచ్చు.

ఇక్కడే ఆ ఫోలిక్ యాసిడ్ మాత్ర మీద నా కన్ను పడింది. మీరు వర్ణించిన కోర్సు బహుశా మన రాష్ట్రంలో ఫాల్సిపేరానికి ఇచ్చే ఏసీటీ-ఎస్‌పీ అయి ఉంటుంది. అందులో ఆర్టిసునేట్ మూడు రోజులు, సల్ఫాడాక్సిన్-పైరిమెథమిన్ మొదటి రోజు ఒక్కసారే. ఈ రెండో మందు పనిచేసే తీరు ఏమిటంటే, క్రిమికి ఫోలేట్ అందకుండా దారి మూసేస్తుంది. మీరేమో రోజూ 5 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ వేసుకుంటున్నారు. మూసిన దారి పక్కనే ఇంకో దారి తెరిచినట్టయింది. ప్రభుత్వం ఇచ్చే ఎర్ర ఐరన్ మాత్రలో ఉండేది 0.5 మిల్లీగ్రామే, దానితో ఇబ్బంది లేదు. 5 మిల్లీగ్రాముల మోతాదు మాత్రం ఆ మందు బలాన్ని తగ్గించగలదు. మీ విషయంలో అలాగే జరిగిందని నేననడం లేదు. ఆర్టిసునేట్ తన పని తాను చేసే ఉంటుంది. కానీ పూత పరీక్ష ఎందుకు తప్పనిసరో చెప్పడానికి ఇదొక కారణం. ఒక డాక్టరు రాసిన మాత్ర ఇంకో డాక్టరుకి తెలియకపోతే ఇలాగే అవుతుంది. రెండు చీటీలూ ఒకే సంచిలో పెట్టుకుని ఇద్దరికీ చూపించండి. ఆ మాత్రని మీ అంతట మీరు మానకండి. దాన్ని రాయడానికి వేరే కారణం ఏదైనా ఉందేమో అడిగి, లేకపోతే చిన్న మోతాదుకి మార్చమనండి.

పూతలో క్రిమి కనిపిస్తే అదే కోర్సు మళ్ళీ వేసుకోవడం వృథా. అప్పుడు సాధారణంగా ఆర్టిమెథర్-లుమిఫాంట్రిన్‌కి మారుస్తారు. 35 కిలోలు దాటినవాళ్ళకి ఒక్కో విడతకి నాలుగు మాత్రలు, మూడు రోజుల్లో ఆరు విడతలు. మొదటి రెండు విడతల మధ్య ఎనిమిది గంటలే ఉండాలి, తర్వాత నుంచి రోజుకి రెండు. పాలతోనో, నూనె తగిలిన తిండితోనో వేసుకోకపోతే లుమిఫాంట్రిన్ ఒంటికి సరిగా పట్టదు. వేవిళ్ళ నీరసంలో ఖాళీ కడుపున మింగి, సగం మందు దండగ చేసుకునేవాళ్ళు చాలామంది. వేసుకున్న అరగంటలోపు వాంతయితే ఆ విడత మళ్ళీ వేసుకోవాలి. పూతలు నెగెటివ్ అయితే మళ్ళీ మందు అక్కర్లేదు. కానీ పురుడయ్యేదాకా నెలకోసారి, జ్వరం వచ్చిన ప్రతిసారీ అదే రోజు, చివరికి పురుటి రోజున కూడా పూత చేయించాలి. ఇలా మళ్ళీ మళ్ళీ చూసేటప్పుడు కిట్టు కాదు, పూతే అడగండి.

ఇక మీ అమ్మగారి మాట. ఆవిడ అబద్ధం చెప్పడం లేదు. ఆవిడకి తెలిసిన నిజం ఒకటుంది, అది సగమే.

మన్యంలో పుట్టి పెరిగినవాళ్ళకి మలేరియా తగిలి తగిలి రక్తంలో ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) తయారవుతాయి. క్రిమి ఉన్నా జ్వరం పెద్దగా రాదు, వచ్చినా ప్రాణం మీదకి తెచ్చేంత ముదరదు. కానీ ఇది ఒకసారి సంపాదిస్తే కలకాలం ఉండే ఆస్తి కాదు. దోమకాటు ఆగిపోతే ఏళ్ళు గడిచేకొద్దీ కరిగిపోతుంది. మీరు మన్యం వదిలి ఎనిమిదేళ్ళు. మీ అమ్మగారి ఒంట్లో ఉన్నంత రక్షణ మీ ఒంట్లో ఇప్పుడు లేదు.

అసలు సంగతి వేరే ఉంది. మీరు ఊరు కదలకుండా అక్కడే ఉండిపోయినా సరే, తొలి కాన్పుకి కావలసిన ఒక రక్షణ మీకు ఉండేది కాదు. ఎవరికీ ఉండదు. ఎందుకో చెప్పాలంటే మాయ లోపలికి వెళ్ళాలి.

మాయలో బిడ్డ వైపు నుంచి సన్నటి కొమ్మల గుత్తులు వేలాడుతుంటాయి. బిడ్డ రక్తం ఆ కొమ్మల లోపల తిరుగుతుంది. తల్లి రక్తం వాటి చుట్టూ చెరువు నీరులా నిలిచి మెల్లగా కదులుతుంది. రెండు రక్తాలూ కలవవు. ఆ కొమ్మల తొక్క గుండానే తిండి, గాలి లోపలికి, మలినాలు బయటికి. ఈ తొక్క మీద కాండ్రాయిటిన్ సల్ఫేట్-ఏ అనే చక్కెరలాంటి పదార్థం ఉంటుంది. ఫాల్సిపేరం క్రిమి తానున్న రక్తకణం పైకి జిగురులాంటి ప్రోటీన్లను పంపిస్తుంది. అలాంటివి దాని దగ్గర అరవై రకాల దాకా ఉన్నాయి, వాటిని మార్చి మార్చి వాడుతుంది. వాటిలో వార్-2-సీఎస్‌ఏ అనేది సరిగ్గా ఈ మాయ తొక్కనే పట్టుకుంటుంది. మాయ నుంచి తీసిన క్రిములు ఆ పదార్థానికే అతుక్కుంటాయని మికాల్ ఫ్రీడ్, పాట్రిక్ డఫీ 1996లో చూపించారు. అంతకుముందు దాకా గర్భిణికి ఒంట్లో రక్షణ మొత్తంగా తగ్గిపోతుంది కాబట్టే మలేరియా ముదురుతుందని గట్టిగా నమ్మేవారు. ఆ మాట పూర్తిగా తప్పు కాదు, కానీ అసలు కారణం అది కాదు. ఒంట్లోకి ఒక కొత్త అవయవం వచ్చింది, దాంతోపాటు క్రిమి పట్టుకోవడానికి ఒక కొత్త కొక్కెం దొరికింది.

చిన్నప్పుడు మీకు పదిసార్లు మలేరియా వచ్చి ఉండొచ్చు. అప్పుడు మీ కడుపులో మాయ లేదు. కాబట్టి ఆ రకం క్రిమికి నిలవడానికి చోటు లేదు, మీ ఒంటికి దాని మొహం తెలియదు. తొలి కాన్పులో మొదటిసారి చూస్తుంది, ప్రతిరక్షకాలు తయారు చెయ్యడం మొదలుపెడుతుంది. అవి రెండు పనులు చేస్తాయి: క్రిమి ఉన్న కణాల్ని మాయకి అతుక్కోనివ్వవు, అతుక్కున్నవాటిని తెల్లకణాలు మింగేలా గుర్తు పెడతాయి. రెండో కాన్పుకీ మూడో కాన్పుకీ ఇవి బలపడతాయి. అందుకే మలేరియా ఎక్కువగా ఉండే చోట్ల తొలిచూలు బిడ్డలే ఎక్కువగా చిన్నగా పుడతారు. మీ అమ్మగారి మొదటి బిడ్డ సంగతి మీరెందుకు రాశారో నాకు అర్థమైంది. అన్నేళ్ళ కిందటి దానికి కారణం మలేరియానే అని ఇక్కడ కూర్చుని చెప్పలేను. అలాంటివి జరిగేవన్నది మాత్రం నిజం. నలుగురు నిలిచారు కాబట్టి ఏమీ కాదన్న మాటలో నిలవని బిడ్డ లెక్కకి రాలేదు. దీన్ని ఆవిడతో వాదనకి వాడకండి. ఆవిడ దాన్ని మరిచిపోయి ఉండరు.

ప్రతిరక్షకాలు లేని చోట ఏమవుతుందంటే, చెరువులో గుర్రపుడెక్క పేరుకున్నట్టు క్రిమి పట్టిన కణాలు కొమ్మల మధ్య పేరుకుంటాయి. వాటిని తినడానికి తల్లి తెల్లకణాలు గుంపులుగా వస్తాయి. వచ్చినవి ఊరుకోవు. టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ఫెరాన్-గామా లాంటి రసాయనాలు వదిలి ఇంకా కణాల్ని పిలుస్తాయి. మలేరియాతో పోరాడటానికి ఒంటికి ఇవి కావాలి. కానీ మాయలో ఇవి మితిమీరితే కొమ్మల తొక్క మందమవుతుంది, అక్కడక్కడా గడ్డలు కడుతుంది, బిడ్డకి అమైనో ఆమ్లాలు చేరవేసే ద్వారాలు మందగిస్తాయి. బిడ్డ ఎదుగుదల తగ్గేది ఎక్కువగా ఇక్కడే. ఈ మంట (ఇన్‌ఫ్లమేషన్) మరీ ఎక్కువైతే నెలలు నిండకముందే నొప్పులు రావచ్చు. అంటే బిడ్డకి జరిగే నష్టంలో క్రిమి చేసింది కొంత, దాన్ని తరమడానికి మీ ఒళ్ళు చేసిన యుద్ధం వల్ల జరిగింది కొంత. ఒంట్లో శక్తి ఉందా లేదా అన్న ప్రశ్న అందుకే ఇక్కడ సరిపోదు. శక్తి లేక కాదు, సరైన ఆయుధం లేక మంట పెరుగుతుంది.

మీ అత్తగారికి చెప్పాల్సింది కూడా ఇదే. బిడ్డ చిన్నగా ఉండటానికి మలేరియా కారణం కావచ్చు, మందులు కావు. నాలుగో నెల నుంచి ఏసీటీ మందులు గర్భిణులకి ఎన్నో ఏళ్ళుగా ఇస్తున్నారు. మొదటి మూడు నెలల్లో కూడా ఆర్టిమెథర్-లుమిఫాంట్రిన్ ఇవ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో తన సూచన మార్చింది. మీకు ఇవ్వకుండా వదిలేసిన మందు ఒకటుంది, ప్రైమాక్విన్. గర్భిణికి అది పనికిరాదు, ఇవ్వకపోవడమే సరైన పని. దాని ఫలితం ఒకటుంది. దోమకి ఎక్కే దశలో ఉన్న క్రిములు మీ రక్తంలో కొన్ని వారాలు మిగిలి ఉండొచ్చు. గాజువాకలో సంపుల్లో, మేడ మీద ట్యాంకుల్లో పెరిగే స్టీఫెన్సై అనే మలేరియా దోమ మిమ్మల్ని కుట్టి, తర్వాత ఇంట్లోవాళ్ళని కుట్టొచ్చు. కాబట్టి దోమతెర మీకోసమే కాదు, మీ అత్తగారి కోసం కూడా. ట్యాంకుకి మూత బిగించి, శుక్రవారం డ్రై డే నాడు తొట్లు, కూలర్లు పూర్తిగా వంపేస్తే గుడ్డు దోమయ్యేలోపే ఆ వరస తెగుతుంది.

స్కానింగ్ రిపోర్టు. 26 వారాలకి బిడ్డ సగటున 900 గ్రాములకి అటూఇటూగా ఉంటుంది. 790 తక్కువే, కానీ ప్రమాదపు గీతకి ఇంకా పైనే ఉందనిపిస్తోంది. పైగా స్కానింగ్ అంచనాలో పది పదిహేను శాతం తేడా మామూలే. ముందు మొదటి మూడు నెలల్లో తీసిన స్కాన్‌ని బట్టి వారాలు సరిగా లెక్కపెట్టారో లేదో చూడమనండి. ఒక్క స్కాన్ ఫోటో లాంటిది, రెండు స్కాన్లుంటేనే నడక తెలుస్తుంది. మూడు వారాలు ఆగి, వీలైతే అదే చోట, మళ్ళీ తీయించండి. బరువుతోపాటు ఉమ్మనీరు, బొడ్డుతాడు రక్తప్రవాహం చూసే డాప్లర్ కూడా అడగండి. ఇప్పుడూ వారం తేడా, మూడు వారాల తర్వాతా అదే తేడా అయితే బిడ్డ తన దారిలో తాను పెరుగుతోంది. తేడా పెరిగిందా, అప్పుడు డాక్టర్లు తరచుగా డాప్లర్ చూస్తారు, పురుడు ఎప్పుడన్నది లెక్కేస్తారు, పసిపిల్లల ఐసీయూ ఉన్న ఆసుపత్రినే ఎంచుకోమంటారు. పురుడు ఎక్కడన్న మీ ప్రశ్నకి సగం జవాబు ఈ రెండో స్కాన్‌లో ఉంది. త్వరగా మందు పడిన మలేరియా తర్వాత మాయ చాలావరకు తేరుకుంటుంది. ఇంకా 14 వారాలుంది, బిడ్డ బరువులో ఎక్కువ భాగం పెట్టేది ఈ వారాల్లోనే.

8.9 హిమోగ్లోబిన్ గురించి రెండు మాటలు. మలేరియాలో క్రిమి పగలగొట్టిన రక్తకణాల వల్ల కొంత పోతుంది. దాంతోపాటు మంట ఉన్నంతకాలం కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్ వదిలి ఐరన్ దారి మూసేస్తుంది. కాబట్టి జ్వరం రోజుల్లో వేసుకున్న మాత్రలు పెద్దగా పట్టి ఉండవు, దిగులు పడకండి. ఇప్పుడు పడతాయి. 60 మిల్లీగ్రాముల ఎర్ర మాత్రలు ఈ స్థాయిలో రోజుకి రెండు ఇస్తారు. టీ, కాల్షియం మాత్ర రెండింటికీ కనీసం రెండు గంటలు దూరంగా, నిమ్మకాయ నీళ్ళతో వేసుకోండి. నెలకి ఒక గ్రాము పెరగకపోతే సెలైన్‌లో ఎక్కించే ఐరన్ అడగాల్సిందే. ఒకటి మాత్రం మరిచిపోవద్దు: మీది మన్యం కాబట్టి సికిల్ సెల్ (రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు) పరీక్ష చేయించండి. ఒక తల్లి నుంచో తండ్రి నుంచో మాత్రమే ఆ లక్షణం వస్తే అది మలేరియా ముదరకుండా కాపాడుతుంది కూడా, మన్యంలో అది నిలిచి ఉండటానికి కారణమే అది. కానీ ఇద్దరి నుంచీ వస్తే బిడ్డకి జబ్బవుతుంది, అందుకే మీకు ఉంటే మీవారికీ పరీక్ష చెయ్యాలి.

ఇక సీమంతం, పురుడు. పురుడు ఎక్కడ పోసుకోను అని అడిగారు. వెళ్ళడం మానడం కన్నా ఎప్పుడు, ఎన్ని రాత్రులు అన్నదే లెక్క. మలేరియా దోమ కుట్టేది సందె నుంచి తెల్లవారేదాకా. మన్యంలో వానలు పడ్డాక వాగుల ఒడ్డున, పొలం గట్ల పక్కన నిలిచిన నీళ్ళలో అవి పెరుగుతాయి. మీ ఏడో నెల, ఎనిమిదో నెల సరిగ్గా ఆ వానల్లోనే పడ్డాయి.

అందరికన్నా నిశ్చింత మార్గం, శ్రావణంలో సీమంతం గాజువాకలోనే చేసి మీ అమ్మానాన్నల్ని ఇక్కడికి పిలిపించడం. దీని ఖరీదు మీ అమ్మగారు ఊడుపుల పనులు వదిలి రావడం, పదిమందిలో కూతుర్ని కూర్చోబెట్టుకోలేకపోయానన్న వెలితి. ఆవిడ వచ్చేముందు అక్కడే ఆశా కార్యకర్త దగ్గర కిట్టు పరీక్ష చేయించుకుని రమ్మనండి. ఆవిడకి రక్షణ ఉంది కాబట్టే జ్వరం లేకుండా క్రిమి ఉండే అవకాశమూ ఉంది. ఇది అవమానంగా తీసుకోకుండా మీవారు కాదు, మీరే చెప్పండి.

రెండోది, తెల్లవారుజామున బయల్దేరి వెళ్ళి, మధ్యాహ్నం సీమంతం ముగించి, సందె పడకుండా ఘాట్ దిగెయ్యడం. దోమ పరంగా ఇందులో ప్రమాదం చాలా తక్కువ. ఒంటి పరంగా ఎక్కువ: ఒక్క రోజులో రెండు పూటలా వందకి పైగా కిలోమీటర్లు, మలుపుల దారి, పైగా రక్తం తక్కువ. రెండో స్కాన్ బాగుండి, హిమోగ్లోబిన్ పది దగ్గరికి వస్తే ఆలోచించవచ్చు. లేదంటే దీన్ని వదిలెయ్యండి. "ఈ ఒక్క రాత్రికి ఉండిపోండి" అన్న మాట తప్పక వస్తుంది. దానికి జవాబు ముందే సిద్ధం చేసుకోండి.

మూడోది పురిటికి పుట్టింటికి వెళ్ళడం. ఇది వద్దని కొట్టిపారెయ్యను, కానీ షరతులు చాలా. మందు దట్టించిన దోమతెర కావాలి. కొత్తదైతే ఒక రోజు నీడలో ఆరేసి వాడాలి, మామూలు సబ్బుతో ఉతికి నీడలోనే ఆరబెట్టాలి, ఇరవై ఉతుకులు దాటితే మందు పోయినట్టే. గోడలకి ఈ ఏడు మందు కొట్టారో లేదో కనుక్కోవాలి. కొట్టాక పండక్కని గోడలు అలికేస్తే ఆ మందు మట్టి కింద పడుకుంటుంది, దోమకి తగలదు. మన్యంలో ఏటా జరిగేది ఇదే. నొప్పులొస్తే 108 మీ ఊరిదాకా వస్తుందా, రోడ్డు దగ్గరికి మొయ్యాలా? పాడేరు ఆసుపత్రిలో మీ గ్రూపు రక్తం దొరుకుతుందా? మలేరియా రాకుండా వేసుకునే మాత్రల గురించి ఎవరైనా చెబితే, డాక్సీసైక్లిన్ గర్భిణికి కూడదని గుర్తుంచుకోండి. వేరే మందు కావాలో వద్దో మీ డాక్టరే చెప్పాలి. ఈసారి జబ్బుతో మీ ఒంట్లో మాయ రకం క్రిమికి కొంత ప్రతిరక్షణ మొదలై ఉంటుంది నిజమే. ఒక్కసారి చూసినంత మాత్రాన దాని మీద భరోసా పెట్టుకోకూడదు. చివరి నెలల్లో మళ్ళీ తగిలితే దెబ్బ నేరుగా బిడ్డ బరువు మీదే పడుతుంది.

నాలుగోది మీ ఇంట్లో ఎవరూ అనలేదు, నా మొగ్గు మాత్రం దానివైపే. పురుడు విశాఖలో, ఘోషాసుపత్రిలోనో, కేజీహెచ్‌లోనో, మీరు చూపించుకునే చోటో. మీ అమ్మగారు వచ్చి నెల రోజులు ఇక్కడుంటారు. సంక్రాంతికి మూడు నెలల బిడ్డతో మీరు పుట్టింటికి వెళతారు. అప్పటికి వానలు వెనకబడతాయి. మీ నుంచి మాయ ద్వారా అందిన ప్రతిరక్షకాలు బిడ్డ ఒంట్లో ఇంకా కొన్ని ఉంటాయి. అయితే మాయలో మలేరియా ఉన్న తల్లుల నుంచి బిడ్డకి ఇవి కొంచెం తక్కువగా అందుతాయి, కాబట్టి బిడ్డ టీకాలు ఒక్కటి కూడా వాయిదా వెయ్యకండి. తొట్టి మీద తెర ఎలాగూ ఉండాలి. మొదటి పురుడు పుట్టింట్లో జరగలేదన్న లోటు ఉంటుంది. మనవణ్ణో మనవరాలినో ఎత్తుకుని ఊళ్ళోకి వచ్చే రోజు ఒకటి మీ అమ్మగారికి మిగులుతుంది.

మీవారితో ఒక మాట. గాజువాకలో ఉన్నా మలేరియా రావచ్చు, నగరంలో వైవాక్స్ అనే ఇంకో రకం మలేరియా తిరుగుతూనే ఉంటుంది. జాతరకి వెళ్ళడం తప్పు కాదు, దోమతెర లేకుండా తొమ్మిది రాత్రులు పడుకోవడం తప్పు. జ్వరం వచ్చాక రెండు రోజులు ఇంట్లోనే ఉండటం ఇంకొంచెం పెద్ద తప్పు. ఆ రెండు రోజులూ ఆయన కూడా మీ పక్కనే ఉన్నారు కదా.

ఇకమీదట జ్వరం, విపరీతమైన నీరసం, కళ్ళు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో రావడం, మాట తడబడటం, బిడ్డ కదలిక తగ్గడం, ఉమ్మనీరు పోవడం, రక్తం కనపడటం, వీటిలో ఏదొచ్చినా తెల్లారేదాకా ఆగకండి. జ్వరానికి పారాసిటమాల్ వేసుకోవచ్చు, బ్రూఫెన్ జాతి మాత్రలు వద్దు. పాల ద్వారా బిడ్డకి మలేరియా రాదు, నిస్సంకోచంగా పట్టండి. అరుదుగా మాయ ద్వారా సోకుతుంది. మొదటి నెలలో బిడ్డకి జ్వరం వచ్చినా, పాలు వదిలేసినా, పాలిపోయినా పిల్లల డాక్టరుకి ముందు చెప్పాల్సిన మాట "కడుపుతో ఉండగా నాకు ఫాల్సిపేరం వచ్చింది" అని. ఆ మాట చెప్పకపోతే మలేరియా అనే ఆలోచనే వాళ్ళకి రాకపోవచ్చు. బిడ్డ 2,500 గ్రాముల లోపు పుడితే గుండెకి హత్తుకుని ఉంచే కంగారూ పద్ధతి మొదటి రోజు నుంచే నేర్పమనండి.

పురుడయ్యాక మాయ తల్లి వైపు నుంచి ఒక చిన్న ముక్క పరీక్షకి పంపగలరేమో డాక్టరుని ముందే అడిగి ఉంచండి. లోపల మలేరియా ఏ మేరకి ఉందో, ఆరిపోయిందో రగులుతోందో అందులో కనిపిస్తుంది. మీ వైపు మాయని పాతిపెట్టే ఆచారం ఉంటే మిగతాది ఇంటికి తీసుకెళ్ళవచ్చు, గోరంత ముక్క చాలు. మీ తల్లీబిడ్డ కార్డు మీద జ్వరం వచ్చిన తేదీ, మందు పేరు, పూత ఫలితాలు ఇప్పుడే ఎర్ర సిరాతో రాయించుకోండి. పురిటి గదిలో డ్యూటీ ఎవరిదో మీకు తెలియదు, అప్పటికి మీకు చెప్పే ఓపిక ఉండదు.